బాతులు తినేసిన గీత

పదివేల మంది చూస్తుండగా కాలి మడమతో ఒక గీత గీసి, బందరుకీ గుడివాడకీ మధ్య యాభై ఏళ్ళు ఆరని చిచ్చు పెట్టిన మనిషిని నేను. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలే లోపు డాక్టరుగారికి కూడా చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఇందులో ఎంత సాగదీశానో దారిలో నేనే ఒప్పుకుంటాను. మీరు తొందరపడకండి.

పోయిన వారం పొద్దున్నే, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, మేస్త్రీ ఫోన్ చేశాడు. "బాబాయిగారూ, మీ కర్చీఫులు రెండూ ఇంకా మెట్టు మీదే ఉన్నాయి. ఇవ్వాళ రంగేస్తున్నాం. వచ్చి తీసుకుంటారా, వాటితో సహా వేసెయ్యమంటారా?" అన్నాడు. ఆ రెంటిలో ఒకటి తీసినా రాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అది సిమెంటులో ఉంది. ఈ సంగతి మీకు అర్థం కావాలంటే ముందు మా స్టేడియం గురించి చెప్పాలి. దానికంటే ముందు గుడివాడ బస్సు గురించి చెప్పాలి.

బందరు బస్టాండులోకి గుడివాడ బస్సు వచ్చి ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు లోపలికి ఎగురుతాయి. కర్చీఫు లేనివాడు తువాలు వేస్తాడు, తువాలు లేనివాడు చేతిలో ఉన్న మందుల చీటీ వేస్తాడు. పడ్డ చోటు వాడిది. ఎంత పెద్దమనిషైనా, ఎంత మోకాళ్ళ నొప్పి ఉన్నా, ఇంకొకడి కర్చీఫు పక్కకి జరిపి కూర్చోడు. దస్తావేజులకైనా అభ్యంతరాలుంటాయి గాని కర్చీఫుకి ఉండవు. నేను కోర్టులో గుమస్తాగా ముప్పై ఏళ్ళు చేసి చెబుతున్న మాట ఇది. అందుకని మా ఫుట్‌బాల్ క్లబ్బు పాత గ్రౌండులోనే కొత్త స్టేడియం మెట్లు పోస్తున్నారని తెలిసిన నాలుగో రోజున ఎవరో మహానుభావుడు వెళ్ళి పడమటి మెట్ల మీద రెండు కర్చీఫులు పరిచి వచ్చాడు. మర్నాటికి నలభై అయ్యాయి. వారానికి మెట్లు చాకిరేవులా తయారయ్యాయి. మొదట వేసిన మహానుభావుణ్ణి నేనే. కాకపోతే నా తొందరలో సిమెంటు ఆరిందో లేదో చూసుకోలేదు. ఒకటి ఆరిన మెట్టు మీద వేశాను, రెండోది తడి మెట్టు మీద పడింది. ఇప్పుడది మెట్టులో భాగం. దాని మీద నీలం గళ్ళు కూడా కనపడతాయి.

స్టేడియం అంటే టీవీల్లో చూపించేవి ఊహించుకోకండి. పడమటి వైపు రేకుల కప్పు కింద పది మెట్లు, తూర్పు వైపు కప్పు లేకుండా ఆరు మెట్లు, నాలుగు మూలలా నాలుగు లైటు స్తంభాలు, నడుమ పచ్చగడ్డి. అంతే. ఆ అంత కోసం మేము ఎదురు చూసినట్టు పురుడు కోసం కూడా ఎవరూ ఎదురు చూడరు. ఇన్నాళ్ళూ మాకు కాలవ గట్టే గ్యాలరీ. ఏటవాలు గట్టు మీద మడమలు తన్నిపట్టి కూర్చుని ఆట చూశాం. గోలు పడినప్పుడల్లా ఎవరో ఒకరు సంతోషం పట్టలేక లేచి వెనక్కి తూలేవారు. వెనక కాలవ. అందుకని మా క్లబ్బు ఎన్ని గోల్సు కొట్టిందో తడిసిన పంచెలను బట్టి చెప్పేవాళ్ళు. అలా ఏటవాలుకి అలవాటైపోయి, ఇప్పుడు చదును మెట్టు మీద కూర్చున్నా మా వయసు వాళ్ళం అందరం కాస్త ముందుకి వంగే కూర్చుంటున్నాం. చూసినవాళ్ళు నడుం నొప్పి అనుకుంటున్నారు.

ప్రారంభం మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి వాన. ఒకసారి ముఖ్య అతిథికి తీరిక లేదు. మూడోసారి ఎందుకో ఎవరికీ తెలియదు గాని తలా ఒక కారణం చెప్పుకున్నాం. నేను మూడు చెప్పాను. వాయిదా పడ్డకొద్దీ జనం తగ్గుతారనుకుంటాం కదా, పెరిగారు. సాయంత్రమయ్యేసరికి కంచె బయట ఇరవై ముప్పై మంది నిలబడి, కొత్త గోడకి పనివాళ్ళు నీళ్ళు కొడుతుంటే మ్యాచి చూసినంత శ్రద్ధగా చూసేవాళ్ళం. నీళ్ళు సరిగ్గా పడని చోట కేకలు కూడా వేసేవాళ్ళం. క్లబ్బు కార్యదర్శి ఆటో నడుపుతాడు. ఒకప్పుడు మా జట్టులో ఆడినవాడి కొడుకు, నన్ను మావయ్యా అంటాడు. పోయిన నెల ఒక సాయంత్రం ఆటో పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి, ప్రారంభానికి ముందు రోజు గడ్డి మీద మొదటి గీత నేనే గియ్యాలని కమిటీ తీర్మానించిందని చెప్పాడు. "మా నాన్న చెప్పేవాడు మావయ్యా, మన గ్రౌండు మీద గీతలన్నీ మీరే గీసేవారంట కదా" అన్నాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను. సంతోషం అనుకున్నాడు పాపం.

ఎందుకంటే ఆ రెండో కర్చీఫు నా కోసం వేసింది కాదు. మా బావ కోసం. యాభై ఏళ్ళుగా ఆయన ఆ గ్రౌండులో అడుగు పెట్టలేదు. దానికి కారణం నేను గీసిన గీతేనని నాకు గట్టి నమ్మకం. కొత్త గడ్డి మీద కొత్త గీత గీసే రోజుకైనా ఆయన వచ్చి ఆ మెట్టు మీద కూర్చోకపోతే, నేను గీసే గీతకి విలువ లేదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి తప్ప. మా ఆవిడది గుడివాడ. ఆవిడకి చెబితే గుడివాడ వాళ్ళందరికీ చెప్పినట్టే.

బావ అంటే చుట్టరికం కాదు. వాళ్ళది మొవ్వ దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్నగారు వారమంతా పొలం పని చేసి, ఆదివారం పూట ప్రార్థనలో వాక్యం చెప్పేవారు. మాది బందరులో మూడు తరాల గుమస్తాల ఇల్లు. మాకూ వాళ్ళకీ పొంతన కలిపే వస్తువు ఒక్క బంతి. కాలేజీలో చేరిన మొదటి వారంలో గ్రౌండు అంచున నిలబడి ఉంటే, పొడుగాటి కుర్రాడు ఒకడు వచ్చి "ఏం బావా, ఆడవా?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరం బావలమే. ఆయన చేతులు చేటలంత ఉండేవి. గోల్లో నిలబడి రెండు చేతులూ చాస్తే సగం గోలు మూసుకుపోయేది. ఆయనకొక అలవాటు ఉండేది. ఆట మొదలయ్యే ముందు గోలుకి వీపు పెట్టి, పెదాలు కదుపుతూ, బాక్సు అంచు దాకా అడుగులు లెక్కపెట్టేవాడు. పద్దెనిమిది గజాలు ఆయన కాళ్ళకి సరిగ్గా పంతొమ్మిది అడుగులు. ప్రార్థన చేస్తున్నాడని జనం అనుకునేవారు. ఆ బాక్సు లోపలైతే గోల్‌కీపరు బంతి చేత్తో పట్టుకోవచ్చు, బయట పట్టుకుంటే తప్పు. ఆటలో ఆయనకి కావలసిన శాస్త్రం మొత్తం అదే. తర్వాత ఆయన నీటిపారుదల శాఖలో లస్కరుగా చేరి, అవనిగడ్డ వైపు ఒక లాకు దగ్గర తలుపులు ఎత్తుతూ దించుతూ, కాలవ నీరు రాతి మీది గీత దాటకుండా కాపలా కాసి రిటైరయ్యాడు. గీతలు ఆయన్ని వదల్లేదు.

నేనూ ఆ జట్టులో ఆడినవాణ్ణేనని చాలామందికి చెప్పాను. పదకొండు మందిలో నేను పదమూడోవాణ్ణి. పన్నెండోవాడికి జ్వరం వచ్చిన రోజున కూడా నన్ను పిలవలేదు. నా పని గీతలు గియ్యడం. చేతివ్రాత బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు. చేతివ్రాతకీ సున్నం గీతకీ ఏమిటి సంబంధమని నేను అడగలేదు. అడిగితే అదీ పోయేది.

ఇక ఆ మ్యాచి. కోతలయిపోయాక, చేలు ఎండి గ్రౌండు గట్టిపడ్డాక, ఏటా గుడివాడ జట్టుతో ఒక కప్పు కోసం పోటీ ఉండేది. కప్పు అంటే జానెడు ఇత్తడి కప్పు, పైన మూత ఊడొచ్చేది. ఆ ఏడు మా గ్రౌండులో ఆట. ముందు రోజు రాత్రి జల్లు పడి, గుడిసెలో పెట్టిన సున్నం బస్తా తడిసి, పొద్దున్నకి రాయి అయిపోయింది. గునపంతో పొడిచినా రాలేదు. పక్కన రైసుమిల్లు ఉంది. నేను వెళ్ళి ఒక బస్తా తవుడు తెచ్చి, దానితో గీతలన్నీ గీశాను. నల్లరేగడి మీద తవుడు గీత ఎంత బాగుందో చెప్పలేను. కొత్త పట్టుచీరకి అంచు వేసినట్టుంది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. గుడివాడ కెప్టెను కూడా మెచ్చుకున్నాడు. తవుడుని ఇంకా ఎవరు మెచ్చుకుంటారో ఆ క్షణాన నాకు తట్టలేదు.

మా వైపు సంగతి తెలిసినవాళ్ళకి ఇప్పటికే తట్టి ఉంటుంది. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందలు దింపుతారు. హాఫ్ టైములో అందరూ గట్టెక్కి గోలీసోడాలు తాగుతుంటే, పక్క చేలోంచి కాలవకి పోయే మంద ఒకటి అడ్డదారిన మా గ్రౌండు మీదుగా దిగింది. ఉత్తరం వైపు బాక్సు దగ్గర ఆగింది. ఆ ఆగడం ఎందుకో గట్టు మీద ఉన్న నాకు ఒక్కడికే అర్థమైంది. సోడా గొంతులో ఉంది, కేక వెయ్యలేకపోయాను. అవి ఎంత క్రమశిక్షణగా తిన్నాయంటే, వరసగా, గీత మీదే, ఒక్క ముక్కు కూడా పక్కకి పోకుండా, నేను గీసినదానికంటే తిన్నగా తిన్నాయి. మంద వెళ్ళాక అక్కడ నల్లటి నేల, దాని మీద చిన్న చిన్న పాదాల ముద్రలు. మళ్ళీ గియ్యాలి. బస్తాలో తవుడు ఉంది కూడా. కాని సోడా సగం ఉంది. ఈలోగా రిఫరీ ఈల ఊదాడు. సరేలే, అటు వైపు బంతి రాకుండా చూడు స్వామీ అని దండం పెట్టుకుని కూర్చున్నాను. రెండో సగంలో ఆ వైపు గోల్లో నిలబడింది మా బావ.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పదివేల మంది అన్నాను కదా. నాలుగు వందలు ఉంటారు. బాతుల్ని కూడా కలిపితే వెయ్యి.

ఆట ఇంకా కాసేపట్లో అయిపోతుందనగా బంతి మా వైపు వచ్చింది. నేల ఇంకా ఆరని చోట చతికిలబడి ఆగింది. గుడివాడ పొడుగు ఫార్వర్డు దాని మీదికి దూసుకొస్తున్నాడు. మా బావ గోలు వదిలి పరిగెత్తుకొచ్చి, దాని మీద పడి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకి అదుముకున్నాడు. "చెయ్యి! బయట చెయ్యి!" అని గుడివాడ వాళ్ళు అరిచారు. మావాళ్ళు లోపలే అని అరిచారు. రిఫరీ ఉయ్యూరు నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు. ఆయన నేల మీదికి వంగి, అటూ ఇటూ చూసి, చాలాసేపటికి తలెత్తి, "గీత ఏదయ్యా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నన్ను లోపలికి పిలిచారు. జట్టులో పదమూడోవాణ్ణి, ఆట జరుగుతుండగా మొదటిసారి గ్రౌండులో కాలు పెట్టింది అప్పుడే. గీత ఎక్కడుందో నాకు తెలియదు. తెలియదంటే రెండు ఊళ్ళూ కలిసి కొడతాయి. అందుకని బాగా తెలిసినవాడిలా మొహం పెట్టి, గోలు వైపు ఒకసారి చూసి, కాలి మడమ నేలకి ఆనించి బరబరా ఒక గీత లాగేశాను. మా బావ ఆ గీతకి రెండడుగులు బయట, బంతి ఎత్తుకుని కూర్చుని ఉన్నాడు. నా మొహంలోకి చూశాడు. బంతి కింద పెట్టి లేచాడు. గుడివాడకి ఫ్రీ కిక్ ఇచ్చారు. పొడుగు ఫార్వర్డు మావాళ్ళ నెత్తుల మీదుగా కొట్టాడు. కప్పు రైలెక్కి గుడివాడ పోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మూత గురించి మాట్లాడుతుంది. వాళ్ళ పెద్దన్నయ్య అతికించాడట.

ఓడిపోవడం పెద్ద విషయం కాదు. ఊరు ఆ ఓటమికి పెట్టిన పేరు పెద్ద విషయం. "గీత దాటాడు" అన్నారు. బావ సోడా తాగడానికి వెళ్తే గీత దాటాడన్నారు, చర్చిలో ఆలస్యంగా వచ్చి కూర్చుంటే గీత దాటాడన్నారు. నేను మాత్రం నా మడమ గుట్టు కడుపులో దాచుకుని, కనపడ్డవాడికల్లా "తప్పు మా బావది కాదండీ, బాతులది" అని వాదిస్తూ తిరిగాను. అది ఆయన మీది ప్రేమ అని అప్పుడు అనుకున్నాను. సగం భయం అని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లోనే ఆయనకి అవనిగడ్డలో సంబంధం చూశారు. అమ్మాయి మేనత్త ఆడపిల్లల స్కూల్లో పనిచేసిన టీచరమ్మ, కళ్ళజోడు మీంచి చూసే మనిషి. ఆవిడ కుర్రాడి గురించి వాకబు చేస్తే, బందరు నుంచి వెళ్ళిన పెద్దమనిషి ఎవరో "కుర్రాడు బంగారమండీ, ఆ గీత దగ్గరే కాస్త దెబ్బతిన్నాడు" అన్నాడట. ఆవిడ ఆట చూసిన మనిషి కాదు. గీత సంగతి తేలేదాకా మాటలు ఆపుదామని ఉత్తరం వచ్చింది. బావ ఆ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాడు. తేల్చి వస్తానని నేను బయల్దేరాను. ఆ పెళ్ళి నా నోటి చలవ వల్లే జరిగిందని అనేకసార్లు చెప్పుకున్నాను. జరిగింది ఇది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సూటిగా అడిగింది: "ఆ గీత ఇప్పుడెక్కడుంది బాబూ?" నేను పెద్దవాళ్ళ దగ్గర అబద్ధం చెప్పకూడదనుకుని, "ఇప్పుడు లేదండీ. బాతులు తినేశాయి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఇంతలో లోపలి గదిలో గ్లాసు కింద పడిన చప్పుడు, వెనకే నవ్వు. పెళ్ళికూతురు. తలుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "గీతంటే పిల్ల కాదత్తా, బంతాటలో నేల మీద గీసే సున్నం గీత" అంది. "సున్నం కాదండీ, తవుడు" అని నేను సరిదిద్దాను. ఆ అమ్మాయే తర్వాత మా చెల్లెమ్మ అయింది. బావ భార్య నాకు చెల్లెలే కదా.

పెళ్ళయింది, లాకు దగ్గర ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు. బావ బందరు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు, భోంచేసేవాడు, కాలవల గురించి మాట్లాడేవాడు. సాయంత్రం గ్రౌండుకి వెళ్దామంటే మాత్రం బస్సు టైమైందనేవాడు. అవనిగడ్డకి గంటకో బస్సు ఉందని ఇద్దరికీ తెలుసు. ఎన్నో కప్పులు గెలిచాం, ఎన్నో ఓడాం. ఒక్కటీ చూడలేదు. నా మడమ తప్పని ఆయనకి తెలుసు, మర్యాదస్థుడు గనక అనడం లేదు, అందుకే రావడం లేదు. ఇదీ నేను కట్టుకున్న లెక్క. యాభై ఏళ్ళు ఆ లెక్క మోశాను.

మేస్త్రీ ఫోన్ వచ్చిన మర్నాడే లడ్డూల పొట్లం పట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాకా ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. మోపిదేవి దగ్గర అవి బాగాలేవని మార్చాను. దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ళు అరిగాయి, చేతులు మాత్రం ఇంకా చేటలే. స్టేడియం గురించి చెప్పాను. రేకుల కప్పు చెప్పాను, గడ్డి చెప్పాను, కర్చీఫు సిమెంటులో ఇరుక్కున్న సంగతి చెప్పాను. అసలు మాట తప్ప అన్నీ చెప్పాను. ఆయన లడ్డూ సగం విరిచి నోట్లో వేసుకుని, "చూద్దాం బావా" అన్నాడు. మా వైపు చూద్దాం అంటే రానని అర్థం. బస్సు దాకా సాగనంపడానికి వచ్చిన చెల్లెమ్మ మెల్లగా, "మీరు వెళ్ళండి అన్నయ్యగారూ, నేను తీసుకొస్తాను. కాని ఆయన అక్కడికి రానిది మీరనుకుంటున్న దానికి కాదేమో" అంది. మరి దేనికని అడిగేలోపు కండక్టరు ఈల ఊదాడు. నా జీవితంలో ఈలలన్నీ అలాంటి సమయాల్లోనే మోగుతాయి.

నిన్న మొదటి గీత. ఇవ్వాళ సాయంత్రం ప్రారంభం. నిన్న పొద్దున కంచె బయట ఊళ్ళో సగం ఉంది. సగం అంటే అరవై మంది. ఇప్పుడు గీతలు గియ్యడానికి చక్రాల డబ్బా ఒకటి వచ్చింది, తోస్తే చాలు, తెల్లగా పడుతుంది. కార్యదర్శి రెండు మేకులు కొట్టి తాడు కట్టాడు. నేను డబ్బా పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. మొదలెట్టండి మావయ్యా అని వాడు, ఇంకాసేపు ఆగరా అని నేను. ఎండెక్కింది. చెమట తుడుచుకోవడానికి కర్చీఫు కూడా లేదు, రెండూ మెట్ల మీద ఉన్నాయి. చివరికి ఉత్తరం వైపు బాక్సు గీత, ఆ బాతుల గీత, తాడు వెంబడి తోసేశాను. తిన్నగానే వచ్చింది. చప్పట్లు కొట్టారు. తలెత్తి చూస్తే గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. చెల్లెమ్మ దిగుతోంది. వెనక ఆయన.

గేటు దగ్గర చెప్పులు విప్పాడు. గడ్డి మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. మోకాళ్ళ వల్లో, ఇంకెందువల్లో. నేను డబ్బా వదిలేసి ఎదురెళ్ళాను. బస్సులో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. "బావా, ఆ రోజు గీత ఎక్కడుందో నాకు తెలియదు. భయమేసి ఊరికే మడమ లాగేశాను. నీ పేరు పోయింది నా వల్లే. నువ్వు దాటావో లేదో దేవుడికే తెలియాలి" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపాడు. నేరుగా గోలు దగ్గరికి వెళ్ళాడు, దానికి వీపు పెట్టాడు, పెదాలు కదుపుతూ నడవడం మొదలెట్టాడు. నేనూ పక్కనే లెక్కపెట్టాను. పంతొమ్మిది అయ్యాయి, గీత రాలేదు. ఇరవై రెండు, ఇరవై నాలుగు. నా గీత మీదికి వచ్చేసరికి ఇరవై ఆరు. గ్రౌండు పెరగలేదు, గజాలు పెరగలేదు. కాలం అంటే ఆ ఏడు అడుగులేనని, అవి మన కాళ్ళలోంచే పోతాయని, అప్పుడు అనిపించింది.

ఆయన అక్కడ ఆగలేదు. గీత దాటి ఇంకో మూడు అడుగులు వేసి, కిందికి చూసి, ఆగాడు.

"దేవుడి దాకా ఎందుకు బావా, నాకు తెలుసు. బంతి పట్టుకున్నది ఇక్కడ" అన్నాడు. "హాఫ్ టైమయ్యాక అటు వైపు కూడా పంతొమ్మిది అడుగులు లెక్కపెట్టుకున్నాను. గీత లేదు, బాతుల కాళ్ళున్నాయి. ఎవడు చూడొచ్చాడులే అనుకుని తెలిసే దాటాను. నీ మడమ పడ్డది సరిగ్గా గీత ఉన్న చోటే. తప్పు చేసినవాణ్ణి ఒప్పుకుందామంటే, నువ్వు ఊరూరా తిరిగి నా తప్పు లేదు, లేదు అని చెప్పి పెట్టావు. ఇక ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు ఇక్కడికి? రేపొస్తాను. నీ పక్కనే కూర్చుంటాను. ఆ బాతుల మాట మాత్రం ఎత్తావో, లేచి వెళ్ళిపోతాను."